బ్రౌను వారితో వియ్యం

ఆడపిల్లకు పెళ్ళయితే ఇంటిపేరు మారుతుందన్న సంగతి కొత్తది కాదు. నేను తనకంటి వారి ఆడపడుచుగా పుట్టి, ఇరవై యేళ్ళు నిండగానే నల్లచెరువు వారి కోడలినయ్యాను. తనకల్లూ, నల్లచెరువూ రెండూ మా కదిరి నుంచి మదనపల్లెకు పోయే దారిలో వున్న వూళ్ళే. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే చాలు, నా మెట్టినింటి పేరూ పుట్టినింటి పేరూ ఒకదాని వెనుక ఒకటి వచ్చి దాటిపోతాయి. అందుచేత నాకు ఆ మార్పు పెద్ద దూరంగా తోచలేదు. కాని మా చిన్నమ్మాయి దాటింది రెండు వూళ్ళు కాదు, సముద్రాలు.

2017లో ఒక ఆదివారం పొద్దున్నే అమెరికా నుంచి ఫోను చేసింది.

"అమ్మా, నేనొక అబ్బాయిని పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాను. నాయనకు నువ్వే చెప్పాల" అన్నది.

ఏ వూరు, ఏ కులం అని అడగబోయి, అమెరికాలో ఆ ప్రశ్నలకు జవాబేం వస్తుందిలే అని నోరు మూసుకున్నాను. చివరకు, "ఇంటిపేరేమిటి?" అన్నాను. ముప్పై యేళ్ళు బడిలో తెలుగు చెప్పి పెన్షను పుచ్చుకుంటున్నదాన్ని. హాజరుపట్టీ తెరవగానే ముందు కంటబడేది ఇంటిపేరే గదా! ఆ అలవాటు ఎక్కడికి పోతుంది?

"బ్రౌన్" అన్నది అమ్మాయి.

మీరు నమ్మండి, నమ్మకపొండి, ఆ క్షణాన నాకు సంతోషం కలిగింది.

కారణం చెబుతాను. కదిరి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో వుంది. 2022కు ముందు అనంతపురం జిల్లాలో వుండేది. అంతకు ముందు, 1910 దాకా, కదిరి తాలూకా కడప జిల్లాలోది. వేమన యోగి సమాధి వున్న కటారుపల్లె మాకు కూతవేటు దూరంలో గాండ్లపెంట పక్కన వుంది. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసులో దిగి, 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చేనాటికి ఇదంతా ఆయన జిల్లాయే. వేమన పద్యాలు అప్పటికి జనం నోళ్ళలోనూ, తాటాకుల్లోనూ చెల్లాచెదురుగా వున్నాయి. బ్రౌను తన జీతం ఖర్చు పెట్టి, పండితులను కూర్చోబెట్టి, ప్రతులు పోగుచేయించి, 1829లో వాటిని ఇంగ్లీషు అనువాదంతో సహా అచ్చు వేయించాడు. 1852లో వచ్చిన ఆయన నిఘంటువు ఇవాళ్టికీ తెలుగు చదువుకున్నవాళ్ళ బల్ల మీద కనిపిస్తుంది. కడపలో ఆయన బంగళా వున్న చోటనే జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పూనికతో గ్రంథాలయం వెలసింది. ఆ గ్రంథాలయం తరువాత యోగి వేమన విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. బ్రౌను వేమనకు చేసిన మేలును వేమన ఈ విధంగా తీర్చుకున్నాడని నేను పిల్లలకు పాఠంలో చెబుతుండేదాన్ని.

అటువంటి ఇంటిపేరు మా ఇంటికి వస్తుందంటే సంతోషం కలగదా?

ఆ సాయంత్రం ఎదురింటి వదిన మల్లెమొగ్గలు తీసుకుని వచ్చింది. కదిరి మల్లెలంటే మా దగ్గర ఆడవాళ్ళకు మాట్లాడుకోవటానికి ఒక సాకు. విషయం చెప్పాను.

"ఇంటిపేరు బ్రౌనా? మన వేమన పద్యాల బ్రౌను దొర వాళ్ళేనా వదినా?" అన్నది.

నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. నవ్వాను. నవ్వు అబద్ధం కాదని నా మనస్సుకు చెప్పుకున్నాను. దీపాలు పెట్టే వేళకు వీధి వీధంతా మేము బ్రౌను దొర వంశంతో వియ్యమందుతున్నామని చెప్పుకున్నారు. మరునాడు నాతో పని చేసిన పాత హెడ్మాస్టరుగారు కర్ర పొడుచుకుంటూ వచ్చి, "అమ్మా, మన వేమనను చెదలపాలు కాకుండా కాపాడిన కుటుంబం. ఎంత పుణ్యం చేసుకున్నారు!" అని చేతులు జోడించారు. అప్పుడైనా చెప్పవలసింది. కాఫీ తెస్తానని లోపలికి పోయాను.

మూడో రోజున ఫోటో వచ్చింది. అబ్బాయి పొడగరి, నవ్వు ముఖం. నల్లజాతి అమెరికన్.

నేను అమ్మాయికి ఫోను చేసి మొట్టమొదట అన్న మాట ఇక్కడ రాయటానికి సిగ్గుగా వుంది. అయినా రాస్తాను. "అదేమే, ఆ రంగు?" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. "నీ రంగేమిటమ్మా?" అని మాత్రం అన్నది.

మా వారు ఫోటో చూసి ఫోను బల్ల మీద బోర్లించి, పైపంచె వేసుకుని చేనికి వెళ్ళిపోయారు. నలభై యేళ్ళు వేరుశనగ పైరు మీద వాన కోసం ఎండలో నిలబడ్డ మనిషి. ఆయన చేతినీ ఆ అబ్బాయి చేతినీ పక్కపక్కన పెడితే తగవు తీర్చటం ఎవరికైనా కష్టమే. ఆయన ఆ తరువాత నాలుగు నెలలు అమ్మాయితో మాట్లాడలేదు. నేను మాట్లాడాను గాని, వీధిలో చెప్పుకుంటున్న మాటను మాత్రం దిద్దలేదు. పైగా, ఒకవేళ నిజంగానే ఆ బ్రౌనుకూ ఈ బ్రౌనుకూ ఏదైనా సంబంధం వుండకూడదా అన్న ఆశ ఒకటి పట్టుకుంది. ఆ ఆశతోనే ఈ ఇంటిపేరు సంగతి చదవటం మొదలుపెట్టాను.

చదివినకొద్దీ ఆశ కరగిపోయింది. కాని చదువు బాగుంది.

ఇంగ్లండులో ఇంటిపేర్లు మొదటి నుంచీ లేవు. 1066లో నార్మన్లు వచ్చి రాజ్యం పుచ్చుకున్న తరువాత, ముందు పెద్ద భూస్వాములకూ, తరువాత తక్కినవారికీ ఒక్కొక్కటిగా స్థిరపడ్డాయి. 1400 ప్రాంతానికి చాలా కుటుంబాలకు తండ్రి నుంచి కొడుక్కు వచ్చే పేరు ఏర్పడింది. 1538లో ప్రతి చర్చిలోనూ పెళ్ళిళ్ళకూ, బాప్తిస్మాలకూ, చావులకూ పుస్తకం పెట్టాలని ఉత్తరువు వచ్చాక ఆ పేర్లు కాగితానికెక్కాయి. 1837 నుంచి ప్రభుత్వమే పుట్టుకలూ చావులూ రాసుకోవటం మొదలుపెట్టింది.

ఆ పేర్లు పుట్టిన తీరు చూస్తే మన వాళ్ళే గుర్తుకు వస్తారు. స్మిత్ అంటే కమ్మరి. టేలర్ అంటే బట్టలు కుట్టేవాడు. జాన్సన్ అంటే జాను కొడుకు. హిల్ అంటే గుట్ట దగ్గర వుండేవాడు. మనకు వూళ్ళ పేర్లు ఎక్కువ. కట్టమంచి రామలింగారెడ్డిగారికి కట్టమంచి, వేమన మీద గొప్ప పుస్తకం రాసిన మా జిల్లా పండితులు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారికి రాళ్ళపల్లి, మాకు నల్లచెరువు. ఇంగ్లీషు వారికి కూడా వూళ్ళ పేర్లు లేకపోలేదు. గోదావరి ఆనకట్ట కట్టిన కాటన్ దొర పేరు వినగానే మనకు పత్తి తోస్తుంది. నిజానికి ఆ ఇంటిపేరుకూ పత్తికీ సంబంధమే లేదు. గుడిసెలు వున్న చోటు అనే అర్థం గల పాత మాట నుంచి వచ్చిన వూరి పేరది.

ఇక బ్రౌను. ఇది ముద్దుపేరో, ఎగతాళి పేరో అయివుంటుంది. జుట్టో, ఒంటి చాయో గోధుమరంగుగా వున్న వాడిని పదిమందిలో గుర్తుపట్టటానికి అలా పిలిచారు. తెలుగు చేస్తే "చామనచాయ వారు" అనాలి. ఎర్రయ్య, నల్లప్ప, బుడ్డన్న అని మనం పిలవటం లేదూ, అలాగన్నమాట. ఫ్రాన్సులో ఇదే పేరు బ్రున్, జర్మనీలో బ్రాన్ అయింది. స్కాట్లండులో కొన్ని కుటుంబాలకు న్యాయాధికారి కొడుకు అనే అర్థం గల గేలిక్ పేరు వుండేది. పలకటానికి సులువని అదీ బ్రౌను అయి కూర్చుంది. ప్రతి వూళ్ళోనూ ఒక చామనచాయ మనిషి వుంటాడు గనుక, ప్రతి వూళ్ళోనూ ఒక బ్రౌను కుటుంబం విడివిడిగా పుట్టింది. అందుకే ఇంగ్లండులో ఎక్కువమందికి వున్న మొదటి పది ఇంటిపేర్లలో ఇది ఒకటి. స్కాట్లండులో స్మిత్ తరువాత రెండోది. అమెరికాలో 2010 జనాభా లెక్కల ప్రకారం 14 లక్షల 37 వేల మందికి ఇదే ఇంటిపేరు. స్మిత్, జాన్సన్, విలియమ్స్ తరువాత నాలుగో స్థానం. బ్రౌనులందరూ ఒక ఇంటివారే అనటం, మన దేశంలో రావులందరూ అన్నదమ్ములే అన్నట్టుంటుంది.

ఇంకొక లెక్క కూడా కంటబడింది. ఆ 14 లక్షల పైచిలుకు బ్రౌనులలో నూటికి ముప్పై అయిదుగురు నల్లవారు. వాషింగ్టన్ అన్న ఇంటిపేరైతే, 2000 లెక్కల్లో నూటికి తొంభైమంది నల్లవారే. ఆ దేశపు మొదటి అధ్యక్షుడి ఇంటిపేరు మోస్తున్నవారిలో తెల్లవారు పదోవంతు కూడా లేరు. ఎందుకిలా అని ఆలోచించాను గాని, పుస్తకంలో చదివి వదిలేశాను. అది ఒక ఇంటి సంగతి అన్న ఊహ అప్పటికి రాలేదు.

పెళ్ళి అక్కడే రిజిస్టరు ఆఫీసులో జరిగింది. 2018 సంక్రాంతికి ఇద్దరూ కదిరికి వస్తామన్నారు. ఆ కబురు వినగానే నాకు కాళ్ళలో వణుకు పుట్టింది. అల్లుడిని చూసి కాదు, వీధిని తలుచుకుని.

వచ్చారు. కారు ఆగేసరికి అరుగుల మీద తలలు లేచాయి. అల్లుడు దిగి, అమ్మాయి నేర్పి పెట్టినట్టున్నది, వంగి మా వారి కాళ్ళకు దణ్ణం పెట్టాడు. "బాగున్నారా మామయ్యగారూ?" అన్నాడు. ఆ "గారూ" దగ్గర కొంచెం తడబడ్డాడు. మా వారు తల వూపి లోపలికి పోయారు. ఎదురింటి వదిన గడప దగ్గర నిలబడి నా ముఖం కేసి చూసింది. ఆమె ఏమీ అనలేదు. అని వుంటే నయం.

సాయంత్రం నేను భయపడ్డదే జరిగింది. హెడ్మాస్టరుగారు వచ్చారు. ఆయన చంకలో బ్రౌను నిఘంటువు వుంది. అట్టలు వూడిపోతే దారంతో కుట్టించుకున్న ప్రతి. ఆయన అల్లుడిని చూసి గుమ్మంలో ఒక్క క్షణం ఆగారు. తరువాత కుర్చీలో కూర్చుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పాతకాలపు ఇంగ్లీషులో అడిగారు: "బాబూ, మీరు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌనుగారి కుటుంబంలోని వారేనా?"

నేను వంటింటి గడప మీద నిలబడి వున్నాను. ఈసారి కాఫీ తెస్తానని పోవటానికి వీలులేదు.

"కాదు సార్. ఆ మాట నేనే పుట్టించాను. అంటే, పుట్టిన మాటను చంపలేదు" అన్నాను తెలుగులో. నా చెవులు కాలిపోతున్నవి.

అల్లుడికి తెలుగు రాదు. అమ్మాయి ఏం చెప్పిందో చెప్పింది. అతను కోపగించుకోలేదు. కొంచెంసేపు ఆలోచించి, హెడ్మాస్టరుగారి వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. అమ్మాయి తెలుగు చేసింది.

"మా ఇంటిపేరు ఎవరిదో మాకు తెలియదండీ. మాకు దొరికిన అన్నిటికంటె పాత కాగితం 1870 జనాభా లెక్క. మా తాతగారి తాత పేరు అందులో వుంది. దానికి ముందు లేదు."

ఎందుకు లేదో అతను చెప్పాడు. అమెరికాలో బానిసత్వం 1865లో రద్దయింది. దానికి ముందు 1850లోనూ, 1860లోనూ జనాభా లెక్కలు తీసినప్పుడు బానిసలకు వేరే పట్టీలు రాశారు. ఆ పట్టీల్లో యజమాని పేరు వుంటుంది. దాని కింద వరుసగా వయస్సు, ఆడా మగా, రంగు. బానిసల పేర్లు మాత్రం రాయలేదు. తమ పేర్లతో ఆ మనుషులందరూ మొదటిసారి లెక్కకెక్కింది 1870లోనే. అప్పటికి కొందరు పాత యజమాని ఇంటిపేరే రాయించారు. కొందరు తమ తల్లిదండ్రులు దాచుకున్న పేరు చెప్పారు. కొందరు విన్నవాటిలో నచ్చినది పెట్టుకున్నారు. తన పెద్దలు ఏ విధంగా బ్రౌను అయ్యారో చెప్పగలవాళ్ళు ఎవరూ మిగలలేదన్నాడు. అయిదు తరాలుగా ఆ పేరుతో బతికారు, చదువుకున్నారు, సమాధుల మీద రాయించుకున్నారు. "ఇక ఎవరిదైతేనేం, ఇప్పుడు మాదే" అన్నాడు.

వయస్సు, ఆడా మగా, రంగు. పేరుండదు. నేను ఫోటో చూసి అమ్మాయిని అడిగిన మొదటి మాట ఆ పట్టీలో ఒక గడి. ఆ సంగతి నాకూ, మా అమ్మాయికీ తప్ప ఆ గదిలో ఎవరికీ తెలియదు. అమ్మాయి నా వైపు చూడలేదు. చూడకపోవటం దాని మంచితనం.

హెడ్మాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మన వాళ్ళకూ ఇలాంటిదే జరిగింది బాబూ" అన్నారు. 1860 నుంచి 1911 దాకా మద్రాసు, కలకత్తా రేవుల నుంచి చెరుకు తోటల పనికి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు లక్షన్నర మందిని ఓడల్లో తీసుకుపోయారు. వాళ్ళలో తెలుగువారు చాలామంది. ఓడ పట్టీలో పేరు, తండ్రి పేరు, కులం, వూరు, ఒంటి మీది పుట్టుమచ్చలు రాసుకున్నారు. ఇంటిపేరుకు గడి లేదు. దానితో అక్కడ కొందరికి తండ్రి పేరే ఇంటిపేరయింది. కొందరికి "నాయుడు" అన్న గౌరవ వాచకమే ఇంటిపేరయి, ఇంగ్లీషు స్పెల్లింగులో "నాయిడూ" అయింది. ఇవాళ దక్షిణాఫ్రికాలో అది పేరున్న ఇంటిపేరు. వాళ్ళ అసలు ఇంటిపేర్లు ఏ పల్లెలో నిలిచిపోయాయో వాళ్ళకే తెలియదు.

"మా వైపు దీనికి తిరగబడ్డ సంగతి కూడా వుంది" అని ఆయన మన్రో దొర సంగతి ఎత్తారు. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు కలెక్టరుగా వుండి, అనంతపురంలో మకాం పెట్టి భూమి శిస్తులు సరిచేశాడు. తరువాత మద్రాసు గవర్నరయి, 1827లో ఈ ప్రాంతాలకు మళ్ళీ వచ్చి పత్తికొండలో కలరాతో పోయాడు. రైతులు ఆయన మీది అభిమానం కొద్దీ మగపిల్లలకు "మన్రోలప్ప" అని పేరు పెట్టుకునేవారని ఆయన చరిత్ర రాసిన ఇంగ్లీషు వారే రాశారు. మన్రో అన్నది స్కాట్లండు ఇంటిపేరు. మనవాళ్ళు దానికి అప్పను తగిలించి వొంటిపేరు చేసేశారు. అల్లుడు ఆ పేరు రెండుసార్లు పలికించుకుని విరగబడి నవ్వాడు. నవ్వేటప్పుడు ఫోటోలో కంటె చిన్నవాడుగా కనిపించాడు.

పోయేముందు హెడ్మాస్టరుగారు ఆ నిఘంటువు అతని చేతిలో పెట్టి, "చూసి ఇవ్వండి. నాకు ఇదొక్కటే వుంది" అన్నారు. నాతో మాత్రం గుమ్మం దగ్గర మెల్లిగా, "అమ్మా, వేమనకు మాత్రం మనం ఏ ఇంటిపేరు పలుకుతున్నాం? బ్రౌనుకు ఇంటిపేరొక్కటే మిగిలింది, సొంత పేరు ఎవరూ అనరు. వేమనకు సొంత పేరొక్కటే మిగిలింది. ఇద్దరికీ లోటు లేదు" అన్నారు. నన్ను మందలించినట్టూ, క్షమించినట్టూ కూడా వున్నది.

మరునాడు అందరం కటారుపల్లె పోదామనుకున్నాం. పొద్దున్నే చూద్దును గదా, మా వారు వసారాలో వేరుశనగ కాయలు చేటలో పోసుకుని కూర్చున్నారు. అల్లుడు ఎదురుగా గొంతుక్కూర్చుని వున్నాడు. మా వారికి ఇంగ్లీషు అంతంత మాత్రం. కాయలు మూడు కుప్పలు పెట్టి, ఒక్కొక్క దాని మీద వేలు పెట్టి చెబుతున్నారు. "ఇది కదిరి మూడు. ఇది కదిరి ఆరు. ఇది కదిరి తొమ్మిది." మా వూళ్ళో వ్యవసాయ పరిశోధనా స్థానం వుంది. అక్కడి నుంచి బయటికి వచ్చిన విత్తనాలకు మా వూరి పేరే పెట్టారు. ఆ విత్తనాలు ఎక్కడెక్కడి రాష్ట్రాల్లోనో పండుతున్నాయి.

"ఆల్ సేమ్ సర్‌నేమ్. కదిరి" అన్నారు మా వారు.

"దెన్ దే ఆర్ యువర్ రిలేటివ్స్" అన్నాడు అల్లుడు.

మా వారు ఆ మాటను కాసేపు నమిలి, అర్థం కాగానే పెద్దగా నవ్వారు. నాలుగు నెలల మౌనం అమ్మాయితోనని చెప్పాను గాని, ఆ నవ్వు విన్నాక తెలిసింది, ఇంట్లో నాతో కూడా ఆయన సరిగా మాట్లాడి చాలా రోజులయింది.

కటారుపల్లెలో వేమన సమాధి దగ్గర అల్లుడు చెప్పులు వదిలి చాలాసేపు కూర్చున్నాడు. నూటాతొంభై యేళ్ళ కింద ఇంకొక బ్రౌను ఈ మనిషి పద్యాల కోసం ఎంత తిరిగాడో నేను చెప్పాను. "ఆయన కూడా తనది కాని దాన్ని తనదనుకున్నాడన్నమాట" అన్నాడు. అతను మంచి అర్థంలోనే అన్నాడు. నేనూ అలాగే తీసుకున్నాను.

2021లో మనుమరాలు పుట్టింది. అక్కడి ఆసుపత్రి కాగితంలో మూడు గడులుంటాయట. సొంత పేరు, నడిమి పేరు, ఇంటిపేరు. మన వాళ్ళు ఆ గడులతో పడే అవస్థలు అన్నీ ఇన్నీ కావు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడి రెండో గడి ఖాళీగా వుంటే, అమెరికా వీసాలో సొంత పేరు దగ్గర "ఎఫ్.ఎన్.యు." అని వేస్తారు. పేరు తెలియదని దాని అర్థం. లక్షణమైన పేరుండి, తెలియని మనిషిగా దిగినవాళ్ళు మా బంధువుల్లోనే వున్నారు. ఆ భయంతోనే కాబోలు, అమ్మాయి ముందుగానే ఫోను చేసింది.

"చివరి గడిలో బ్రౌన్ అని రాస్తాం. నడిమి గడిలో నల్లచెరువు అని రాయాలని ఆయనే అంటున్నాడు. అక్కడి వాళ్ళకు నోరు తిరగదని నేనంటున్నాను. నాయనను అడుగు" అన్నది.

మాకు మగపిల్లలు లేరు. పెద్దమ్మాయి బెంగుళూరులో, వాళ్ళ అత్తవారి ఇంటిపేరుతో వుంది. మా వారు ఎన్నడూ నోరు తెరిచి అనలేదు గాని, నల్లచెరువు వారన్న మాట తమతో సరి అని ఆయన మనస్సులో వుండేది. ఫోను అందుకుని, "రాయనీ పాపా. ఆ చెరువులో ఎటూ నీళ్ళుండవు, పేరన్నా వుండనీ" అన్నారు. ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు.

నా పుట్టింటి పేరు కోసం ఆ కాగితంలో నాలుగో గడి లేదు. ఎవరూ అడగలేదు, నేనూ అనలేదు. ఇక్కడ ఒకసారి రాసుకున్నాను గదా, చాలు.

2023లో పాపను తీసుకుని వచ్చారు. ఖాద్రి నరసింహస్వామి గుడిలో అర్చన చేయిద్దామని నలుగురం వెళ్ళాం. అర్చకులు పళ్ళెం పుచ్చుకుని, "గోత్రం?" అన్నారు. మాది చెప్పేందుకు వీల్లేదు. పిల్లకు తండ్రి గోత్రం వస్తుంది. నేను ఇంకా తడుముకుంటూ వుండగానే మా వారు ముందుకు వచ్చి, "కాశ్యప గోత్రం స్వామీ. బ్రౌను వారి పాప" అని గట్టిగా చెప్పారు. గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పే ఆచారం మనకు వున్నదే. అయినా ఆయనకు ఆ సమయానికి అది తట్టటం చూసి, ఆ జవాబు చాలా రోజుల కిందటే సిద్ధం చేసి పెట్టుకున్నారని గ్రహించాను. అర్చకులు రెండో ప్రశ్న వేయకుండా మంత్రం అందుకున్నారు.

వరుసలో వెనుక నిలబడిన ఒక ముసలమ్మ పాప బుగ్గ పుణికి, "బ్రౌను వారంటే, కడప బ్రౌను దొర వాళ్ళా అమ్మా?" అని నన్ను అడిగింది.

"కాదమ్మా. వేరే బ్రౌనులు. మా అల్లుడి వాళ్ళు" అన్నాను.